‘ఆడుకునేవాళ్ళం’ అని ఎన్నిసార్లు రాయాలి?

సందేహం: 1970లలో మా పల్లెలో గడిచిన బాల్యం గురించి నేనూ మా తమ్ముడూ కలిసి రాస్తున్నాం. పెద్దవాళ్ళ కాపలా లేకుండా చెరువులూ తోటలూ తిరిగిన రోజులవి. రాస్తుంటే ప్రతి వాక్యమూ ‘వెళ్ళేవాళ్ళం’, ‘ఆడుకునేవాళ్ళం’ అనే ముగుస్తోంది. విసుగ్గా ఉందని ‘వెళ్ళాం’, ‘ఆడుకున్నాం’ అని మారిస్తే ఏదో తేడా కొడుతోంది. తమ్ముడు ‘చెట్లెక్కేవాణ్ణి’ అంటే నేను ‘ఎక్కేదాన్ని’ అనాల్సి వస్తోంది. ‘దాన్ని’ అని రాసుకోవడం నామోషీగా ఉంది. ‘వాళ్ళం’, ‘వారం’ వీటిలో ఏది సరైనది? వరంగల్లు స్నేహితురాలు ‘ఆడుకునేటోళ్ళం’ అంటుంది. దాన్ని రాతలో వాడవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీకు తేడా కొట్టడం సబబే. ‘చెరువులో ఈదాం’ అంటే ఈత అయిపోయింది, ఒడ్డుకు వచ్చేశారు. ‘చెరువులో ఈదేవాళ్ళం’ అంటే అది ఆ రోజుల్లో మీ అలవాటు. ఒక పూట స్వేచ్ఛ దొరకడం వేరు, రోజూ అలాగే గడవడం వేరు. మీరు చెప్పదలచింది రెండోది కాబట్టి, వాక్యాలన్నిటినీ మూకుమ్మడిగా ‘ఆం’తో ముగిస్తే అసలు విషయమే చెయ్యిజారుతుంది. విసుగు పోగొట్టడానికి వేరే దారులున్నాయి. ముందు ఈ మాట ఎలా తయారైందో చూస్తే అవి తేలిగ్గా దొరుకుతాయి.

‘ఆడుకునే’ విశేషణం. దాని మీద ‘వాళ్ళు’, ఆ మీద ‘మేము’ను సూచించే ‘ం’ చేరాయి. అంటే ‘మేము రైతులం’, ‘మేము పిల్లలం’ ఎలాంటి వాక్యాలో ‘మేము ఆడుకునేవాళ్ళం’ కూడా అలాంటిదే. ఇందులో భూతకాలాన్ని చెప్పే ప్రత్యయం ఏదీ లేదు. బస్సులో ‘మేం తెనాలి వెళ్ళేవాళ్ళం, కాస్త చోటివ్వండి’ అంటే అది ఇప్పటి మాట. ‘చిన్నప్పుడు తెనాలి వెళ్ళేవాళ్ళం’ అంటే అప్పటి మాట. కాలాన్ని మోసేది ‘చిన్నప్పుడు’ అన్న పదం. అందుకే పేరా మొదట్లో ‘ఆ రోజుల్లో’, ‘సెలవులొస్తే’ లాంటి మాట ఒకటి తప్పనిసరి. అది ఒకసారి పడితే పేరా అంతటికీ సరిపోతుంది. వాక్యవాక్యానికీ ‘అప్పట్లో’ అని తగిలించనక్కర్లేదు.

మీ ‘దాన్ని’ సంగతీ ఇక్కడే తేలుతుంది. ‘ఎక్కాను’ అని రాస్తే రాసినది ఆడో మగో తెలియదు. ‘ఎక్కేవాణ్ణి’, ‘ఎక్కేదాన్ని’ అన్నప్పుడు లోపల ‘వాడు’, ‘అది’ అనే సర్వనామాలున్నాయి కాబట్టి తెలిసిపోతుంది. తెలుగులో స్త్రీని చెప్పే ఏకవచనం క్రియ దగ్గర అమహత్తుతో, అంటే జంతువులనూ వస్తువులనూ చెప్పే మాటలతో కలిసిపోతుంది. ‘అక్క వచ్చింది’, ‘బండి వచ్చింది’ రెండింటికీ ఒకటే ప్రత్యయం. ‘అక్క వచ్చింది’ అంటే నొచ్చుకోని మనం ‘వచ్చేదాన్ని’ దగ్గర నొచ్చుకోవాల్సిన పని లేదు. పైగా ‘నేను చింతచెట్టు చిటారుకొమ్మ దాకా ఎక్కేదాన్ని’ అన్న వాక్యంలో ఎక్కింది ఆడపిల్ల అన్న సమాచారం క్రియలోనే ఉంది. ‘ఆడపిల్లనై ఉండి కూడా’ అని విడిగా చెప్పనక్కర్లేదు. నా మాటగా చెబుతున్నాను, దాన్ని ఉంచండి.

ఈ రూపాల్లో తరచూ జరిగే పొరపాట్లు మూడున్నాయి. మొదటిది రాతకు సంబంధించింది. ‘వాడు’ మీద ‘ని’ చేరితే ‘వాడిని’ లేదా ‘వాణ్ణి’ అవుతుంది. ‘వాన్ని’ అని న-వత్తుతో రాయడం ప్రామాణిక రచనలో కుదరదు. ‘అది’ విషయంలో మాత్రం ‘దాన్ని’యే సరి, ‘దాణ్ణి’ కాదు. రెండోది వచనం. ‘రోజులు గడిచేది’, ‘మామిడికాయలు దొరికేది’ అని ఇటీవల చాలామంది రాస్తున్నారు. కర్త బహువచనం కాబట్టి ‘గడిచేవి’, ‘దొరికేవి’ అనాలి. మూడోది గౌరవం. ‘నాయనమ్మ పిలిచేది’ అని మొదలుపెట్టి రెండు వాక్యాల తర్వాత ‘నాయనమ్మ కోప్పడేవారు’ అంటే చదివేవాళ్ళు తడబడతారు. మీ ఇంట్లో ఎలా అనేవారో అదే చివరిదాకా నిలపండి. ‘వాళ్ళం’, ‘వారం’ రెండూ సరైనవే. ‘వాళ్ళం’ మాటకు దగ్గర, ‘వారం’ రాతకు దగ్గర. ఒక వ్యాసంలో ఒక్కటే వాడండి.

మీరు అడగలేదు గాని, ఇలాంటి రచనల్లో ఎవరి కంటా పడకుండా దొర్లే తప్పు మరొకటి ఉంది. ‘మేము’, ‘మనం’ రెండింటికీ క్రియ చివర అదే ‘ం’ వస్తుంది. అందువల్ల ‘మా ఊళ్ళో’ అని మొదలైన వ్యాసం సగానికి వచ్చేసరికి ‘మన చిన్నప్పుడు’లోకి జారిపోతుంది. ‘మనం’ అన్న క్షణం చదువుతున్నవాణ్ణి కూడా ఆ చెరువులో దింపినట్టే. మీ ఈడువాళ్ళ కోసం రాస్తే అది బాగుంటుంది. మీ మనవల కోసం రాస్తే వాళ్ళు బయటే నిలబడిపోతారు. ఎవరికోసం రాస్తున్నారో ముందే తేల్చుకుని ‘మేము’నో ‘మనా’న్నో పట్టుకోండి.

ఇక వ్యతిరేకార్థం. కాపలా లేని బాల్యం గురించి రాసేటప్పుడు ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ స్వేచ్ఛ అంతా ‘అడగలేదు’, ‘వెతకలేదు’, ‘చెప్పలేదు’ లాంటి మాటల్లోనే ఉంటుంది. ‘అడిగేవాళ్ళు’ అన్నదానికి వ్యతిరేకం ‘అడిగేవాళ్ళు కాదు’. పాత పద్ధతిలో ‘అడిగేవారు కారు’, ‘చెప్పేవాళ్ళం కాము’ అని కర్తను బట్టి మారేది. ఇప్పుడు వాడుకలో అన్నిటికీ ‘కాదు’ స్థిరపడింది, అది తప్పు కాదు. కానీ ‘కాదు’ బదులు ‘లేరు’ పెడితే అర్థం తలకిందులవుతుంది. ‘ఎక్కడికెళ్ళారని మమ్మల్ని అడిగేవాళ్ళు కాదు’ అంటే ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, పిల్లల మీద నమ్మకంతోనో ఊరి మీద ధీమాతోనో అడగలేదు. ‘మమ్మల్ని అడిగేవాళ్ళు లేరు’ అంటే దిక్కులేని పిల్లలని అర్థం. స్వేచ్ఛను గొప్పగా చెప్పాలనుకుని ‘మమ్మల్ని అడిగేవాళ్ళే లేరు’ అని రాసేవాళ్ళు తెలియకుండానే తల్లిదండ్రుల మీద నింద వేస్తున్నారు. మీ రాతప్రతిలో ‘లేరు’ ఎక్కడున్నా ఒకసారి సరిచూడండి.

అలాగే ‘ఆడు’, ‘ఆడుకొను’, ‘ఆడించు’ ఒకదాని బదులు ఒకటి వాడేవి కావు. ఆట పేరు చెప్పినప్పుడు ‘ఆడు’ చాలు: ‘చెడుగుడు ఆడేవాళ్ళం’. పేరు లేనప్పుడు ‘ఆడుకొను’ కావాలి: ‘వీధిలో ఆడుకునేవాళ్ళం’. ‘పిల్లలు వీధిలో ఆడుతున్నారు’ అన్న వాక్యం వినగానే ఏమాడుతున్నారు అన్న ప్రశ్న మిగిలిపోతుంది, ఎందుకంటే ఉత్త ‘ఆడు’కు కదలడం, ఊగడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. ‘కొను’ చేరితే పని చేసేవాళ్ళ కోసమే జరుగుతున్నదని తెలుస్తుంది. ‘ఆడించు’లో కర్త మారిపోతుంది. ఆడించేది పెద్దవాళ్ళు, పిల్లలు కర్మ అవుతారు. ‘ఈత నేర్చుకున్నాం’, ‘పిల్లల్ని ఈత క్లాసులో చేర్పించాం’ అనే రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండు కాలాల మధ్య మీరు చెప్పదలచిన తేడా మొత్తం ఇక్కడే ఉంది. మొదటిదానిలో పిల్లలు కర్తలు, రెండోదానిలో ‘ని’ తగిలించుకున్నవాళ్ళు. అందుకని మీ బాల్యం రాసేటప్పుడు వీలైనంతవరకు పిల్లల్నే కర్తలుగా ఉంచండి. ‘అమ్మానాన్నలు మమ్మల్ని స్వేచ్ఛగా ఆడుకోనిచ్చేవారు’ అంటే అనుమతి అడిగితే ఇచ్చారన్న ధ్వని వస్తుంది. ‘ఇంట్లో చెప్పకుండానే వెళ్ళిపోయేవాళ్ళం’ అంటే ఆ ధ్వని రాదు, ఉన్నది ఉన్నట్టు తెలుస్తుంది.

ఇప్పుడు మీ అసలు ఇబ్బందికి వద్దాం. మీరు చెప్పినలాంటి పేరా ఇలా ఉంటుంది:

‘వేసవి సెలవుల్లో పొద్దున్నే లేచేవాళ్ళం. చద్దన్నం తినేవాళ్ళం. బొంగరాలు తీసుకుని తోటకు వెళ్ళేవాళ్ళం. కోతికొమ్మచ్చి ఆడేవాళ్ళం. మధ్యాహ్నం చెరువులో ఈదేవాళ్ళం. ఒకరోజు తమ్ముడు కొమ్మ మీంచి పడేవాడు. చీకటి పడితే అమ్మ కేకేసి ఇంటికి వచ్చేవాళ్ళం.’

దీన్ని ఇలా మార్చి చూడండి:

‘వేసవి సెలవులొస్తే చద్దన్నం తిని, బొంగరాలు జేబులో వేసుకుని తోటకు పోయేవాళ్ళం. అక్కడ కోతికొమ్మచ్చి. దూరంగా విసిరిన కర్ర తేవడానికి దొంగ పరిగెత్తగానే మిగతావాళ్ళం కొమ్మలెక్కేస్తాం. వాడు వచ్చి కర్రను గిరిలో పెట్టి ఎవరినైనా ముట్టుకోవాలి. ఎండ ముదిరితే చెరువు. ఓసారి కొమ్మ విరిగి తమ్ముడు కిందపడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది. ఇంట్లో చెప్పలేదు. చీకటి పడ్డాక అమ్మ కేకేస్తేగాని ఇల్లు గుర్తొచ్చేది కాదు.’

మొదటి పేరాలో ప్రతి వాక్యమూ ‘ఏవాళ్ళం’ లేదా ‘ఏవాడు’. రెండోదానిలో మొదట ఒకటి, చివర ఒకటి. అయినా అలవాటు అన్న అర్థం ఎక్కడా తెగలేదు. చేసిన మార్పులు ఇవి. ‘తిని’, ‘వేసుకుని’ లాంటి క్త్వార్థకాలతో, అంటే వాక్యాన్ని ముగించకుండా తర్వాతి పనికి కలిపే రూపాలతో పనులను గొలుసుగా కలిపితే చివరి క్రియ ఒక్కటే ప్రత్యయం మోస్తుంది. అయితే ఈ గొలుసులో కర్త ఒక్కరే ఉండాలి. ‘అమ్మ కేకేసి వచ్చేవాళ్ళం’లో కేకేసింది అమ్మ, వచ్చింది పిల్లలు, అందుకే అది అతకలేదు. కర్త మారేచోట ‘తే’ వాడాలి: ‘అమ్మ కేకేస్తే’. ‘కొమ్మ విరిగి తమ్ముడు పడ్డాడు’లో కర్తలు వేరైనా చెల్లింది, ఎందుకంటే విరగడం ఎవరూ చేసిన పని కాదు, పడటానికి కారణం.

‘కోతికొమ్మచ్చి’, ‘చెరువు’ అని క్రియ లేకుండా ఆపిన వాక్యాలు తెలుగుకు సహజమే. ఇవి పేరాకు రెండు మించితే మాత్రం టెలిగ్రామ్‌లా తయారవుతుంది. ఇక ‘పడేవాడు’ ఎందుకు తప్పంటే, ‘ఒకరోజు’ అన్నాక పని ఒక్కసారే జరిగింది. అక్కడ ‘పడ్డాడు’ తప్ప మరొకటి కుదరదు. గడువు చెప్పినప్పుడూ అంతే. ‘ఆ బడిలో ఐదేళ్ళు చదివేవాణ్ణి’ అనకూడదు, ‘ఐదేళ్ళు చదివాను’ అనాలి. ‘మా ఇంటి ముందు వేపచెట్టు ఉండేది’ అంటే ఇప్పుడు లేదని అర్థం. చెట్టు ఇంకా ఉంటే ‘ఉంది’ అనండి.

‘కొమ్మలెక్కేస్తాం’ అని ఇప్పటి రూపం వాడటం మీకు వింతగా అనిపించవచ్చు. ఇది మన సాహిత్యంలో పాత పద్ధతే. పోతన భాగవతం దశమస్కంధంలో కృష్ణుడు గోపబాలురతో ఆడే ఆటలను చెప్పే సీసపద్యం ఉంది. అందులో ‘డాఁగిలిమూఁత లాడు’, ‘నుయ్యలల నూఁగు’ అని క్రియలు వరసగా వస్తాయి. ఇవి ‘ఆడును’, ‘ఊఁగును’ అనే తద్ధర్మ రూపాలు, అంటే స్వభావాన్నీ అలవాటునూ చెప్పేవి. జరిగిపోయిన బాల్యాన్ని అలవాటుగా చెప్పడానికి ఆయన ఎంచుకున్నది ఈ రూపాలనే. ఇప్పటి తెలుగులో ఆ పనిని ‘ఆడతాడు’, ‘ఊగుతాడు’ చేస్తున్నాయి. కాబట్టి పేరా మొదట్లో కాలం తెలిసేలా ఒక వాక్యం రాసి, ఆట నడిచే తీరు చెప్పేటప్పుడు నిస్సంకోచంగా ‘తాం’లోకి దిగండి, మళ్ళీ చివర ‘ఏవాళ్ళం’తో తిరిగి రండి. కళ్ళముందు ఆట జరుగుతున్నట్టుంటుంది.

‘ఆడుకుంటూ ఉండేవాళ్ళం’ అన్నది వేరే పనికి. ఒకటి నడుస్తుండగా మరొకటి వచ్చిపడేచోట దాన్ని వాడాలి: ‘మేం ఆడుకుంటూ ఉండేవాళ్ళం, ఇంతలో ఐస్‌ఫ్రూట్ బండి గంట వినిపించేది.’ ఊరికే అలవాటు చెప్పడానికి అంత పొడుగు రూపం అక్కర్లేదు.

మీ వరంగల్లు స్నేహితురాలి ‘ఆడుకునేటోళ్ళం’ వికృతరూపమేమీ కాదు. పాత తెలుగులో ‘ఆడెడి’ అన్న విశేషణం కోస్తా వాడుకలో ‘ఆడే’గా కురచైతే, తెలంగాణలో ‘ఆడేటి’గా నిలిచింది. ‘ఏటి’, ‘వాళ్ళం’ కలిసి ‘ఏటోళ్ళం’ అయ్యాయి. ‘మనవాళ్ళు’ను ‘మనోళ్ళు’ అనడం అన్ని ప్రాంతాల్లోనూ ఉన్నదే. రాయలసీమలో ఇదే భావం ‘ఆడుకుంటా ఉంటిమి’ అని వినిపిస్తుంది. వీటిలో దేనితోనైనా వ్యాసమంతా రాయవచ్చు. ప్రామాణిక వాక్యాల మధ్య ఒక్కచోట మాత్రం ‘టోళ్ళం’ తెచ్చిపెడితే అది అలంకారంలా తేలిపోతుంది, ఆ మాండలికానికి మర్యాద కాదు.

ఆటల పేర్లూ అంతే. మీ ఊళ్ళో ఏమనేవారో అదే ఉంచండి. మూరెడు కర్రతో, రెండు కొసలూ చెక్కిన చిన్న పుల్లను లేపి కొట్టే ఆట ఒక్కటే అయినా బిళ్ళంగోడు, గూటీబిళ్ళ, చిర్రాగోనె, జిల్లాకట్టె అని ప్రాంతానికో పేరు. పేరు మొదటిసారి వచ్చినచోట ఆడే తీరు ఒక్క వాక్యంలో చెబితే ఏ ప్రాంతంవాళ్ళకైనా తెలుస్తుంది. పేరు పక్కన వచ్చే క్రియను మాత్రం గమనించండి. అన్నిటికీ ‘ఆడేవాళ్ళం’ అంటే ఒప్పదు. గోళీలు ఆడేవాళ్ళం, బొంగరాలు తిప్పేవాళ్ళం, గాలిపటాలు ఎగరేసేవాళ్ళం, ఉయ్యాల ఊగేవాళ్ళం. దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేసుకునేవాళ్ళం.