100 గజాల్లో ఇల్లు, మెట్రో దగ్గర: లోన్ కన్నా ముందు మొదటి స్లాబు డబ్బు చూసుకోండి

నాగోలు మెట్రో దగ్గర నాన్నగారి 100 గజాల జాగాలో, కింద కారుకి వదిలి పైన అద్దె పోర్షన్లు లోన్‌తో కట్టొచ్చా అని అడిగారు. మేం ఉప్పల్ దగ్గర 2021లో సరిగ్గా ఇంతే జాగాలో, 20 బై 45లో కట్టాం. కట్టొచ్చు, కానీ కారు కోసం కింద అంతస్తు పోగొట్టుకోకండి. నాగోలు నుంచి రాయదుర్గం దాకా ఒకటే లైను, మా ఇంట్లో అద్దెకున్నవాళ్లంతా స్టేషన్‌కి నడిచే వెళ్తారు, బైకులకి ముందు వదిలిన అయిదడుగులు చాలు.

మేం కట్టినప్పుడు ఈ సైజుకి 7 మీటర్ల ఎత్తు, అంటే రెండంతస్తులు అయితే ముందు మీటరున్నర వదిలితే సరిపోయేది. 10 మీటర్లకి వెళ్తే మిగతా మూడు వైపులా అర మీటరు చొప్పున వదలాలి. అంటే ప్రతి అంతస్తూ చిన్నదై, మూడో అంతస్తు వేసినా మొత్తం మీద కలిసొచ్చేది 300 చదరపు అడుగుల పైచిలుకే. అయినా మేం మూడూ వేశాం, ఆ ఖాళీ వైపు కిటికీలు పెట్టుకోవచ్చని. ముందు అద్దెకున్న ఇంట్లో అమ్మ పగలు పదకొండింటికి కూడా ట్యూబ్‌లైట్ వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరేది! పక్కవాళ్లు కట్టేస్తే ఆ అర మీటరు వెలుతురు కూడా పోతుంది, అందుకే మెట్ల పక్కన 4 బై 5 అడుగుల ఖాళీ పైదాకా వదిలేయండి, మేస్త్రీ ఎంత గొణిగినా సరే.

పర్మిషన్ పెద్ద టెన్షన్ కాదు, మేం కట్టినప్పుడు టీఎస్-బీపాస్‌లో (ఇళ్ల పర్మిషన్ల ప్రభుత్వ ఆన్‌లైన్ పద్ధతి) 10 మీటర్ల లోపు ఇంటికి రూల్స్ ప్రకారమే కడతామని మనమే ధ్రువీకరించి ఇస్తే సరిపోయింది. అసలు కష్టం డబ్బు దగ్గరే. 30 లక్షల లోపు లోన్ అయితే విలువలో 90 శాతం దాకా ఇవ్వడానికి ఆర్‌బీఐ రూలు ఒప్పుకుంటుంది, కానీ అది ఒకేసారి చేతికి రాదు. పని అయ్యాక బ్యాంకు ఇంజినీరు వచ్చి చూస్తేనే తర్వాతి విడత. మాకు మొదటి స్లాబు తర్వాత ఆయన మూడు వారాలు రాలేదు, కూలీలు ఇంకో సైటుకి పోతామంటే రెండు రూపాయల వడ్డీకి తెచ్చి నడిపాం, ఆ బాకీ తీరడానికి ఏడాది పట్టింది. కాబట్టి పునాది, పిల్లర్లు, మొదటి స్లాబు దాకా డబ్బు మీ దగ్గరుంటేనే ముగ్గు పోయండి. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్‌కి బ్యాంకు పైసా ఇవ్వదు, దాని అద్దె లెక్కలో వేసుకోకండి.

జాగాకి రిజిస్టర్డ్ సేల్ డీడ్ ఉందా, నోటరీయా? నాన్నగారి పేరు మీదే ఉందా? అది రాయండి, లోన్ ఎవరి పేరున అడగాలో దాన్ని బట్టి చెప్తా.