ఉంటే సరే, లేకపోతే చెప్పాలి

ప్రశ్న: నేను ఖమ్మంలో డిగ్రీ లెక్చరర్‌ని. ఇంటర్నల్ మార్కులు కలిపి జాబితా తీసే చిన్న ప్రోగ్రాం పైథాన్‌లో రాసి ఓపెన్ సోర్స్‌గా పెట్టాను. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్) ఫైళ్లకు వేరే లైబ్రరీ అక్కర్లేదు. ఎక్సెల్ ఫైళ్లకు మాత్రం ఓపెన్‌పైఎక్సెల్ అనే లైబ్రరీ కావాలి. అది లేకపోయినా ప్రోగ్రాం ఆగకూడదని ఇంపోర్ట్‌ను ట్రైలో పెట్టి, దొరక్కపోతే దాని స్థానంలో నన్ (పైథాన్‌లో ‘ఏమీ లేదు’) అని రాశాను. ఇప్పుడు వేరే కాలేజీ వాళ్లు ‘నన్‌టైప్’ ఎర్రర్ వస్తోందని ఫోన్లు చేస్తున్నారు. ఆ లైబ్రరీని తప్పనిసరి చేసేయనా?

జవాబు: వద్దండీ. సీఎస్‌వీతో సరిపెట్టుకునేవాళ్లకు ఆ బరువెందుకు? లైబ్రరీ లేదన్న సంగతి మీ ప్రోగ్రాంకు మొదట్లోనే తెలుసు. తెలిసీ నోరు మూసుకుని కూర్చుంది, అదీ గొడవ.

ఒకసారి ఉబుంటులో పైథాన్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేసుకున్నాను. తెరిచి పై బాణం నొక్కితే, ఇందాక కొట్టిన లైను రావలసిన చోట బ్రాకెట్లూ ‘ఏ’ అక్షరమూ వచ్చి పడ్డాయి. కీబోర్డు పాడైందనుకుని ఇంకోటి తెచ్చి పెట్టాను కూడా! తీరా చూస్తే, పాత లైన్లు వెనక్కి తెచ్చే రీడ్‌లైన్ లైబ్రరీని వాడుకుని కంపైల్ చెయ్యడానికి కావలసిన లిబ్‌రీడ్‌లైన్-డెవ్ ప్యాకేజీ వెయ్యలేదు. ఫలానా మాడ్యూళ్లకు కావలసినవి దొరకలేదని కంపైల్ చివర్లో చెప్పనే చెప్పింది. అప్పటికి నేను టీకి వెళ్లాను. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పద్ధతి వేరు. అదే రీడ్‌లైన్ కనబడకపోతే, కంపైల్‌కు ముందు అన్నీ ఉన్నాయో లేదో చూసే కాన్ఫిగర్ దగ్గరే ఆగిపోతుంది, అక్కర్లేదంటే ‘వితౌట్ రీడ్‌లైన్’ అని మీరే రాయమంటుంది. విసుగొస్తుంది కానీ నాకు అదే నచ్చుతుంది.

మీరు ఎక్సెల్ ఫైలు తెరిచే ఫంక్షన్ లోపలే ఇంపోర్ట్ చెయ్యండి. దొరక్కపోతే అక్కడే ఆపి, ‘ఎక్సెల్ చదవాలంటే ఓపెన్‌పైఎక్సెల్ కావాలి, పిప్‌తో ఇలా వేసుకోండి’ అని కమాండ్‌తో సహా చూపించండి. డేటా పట్టికలకు వాడే పాండాస్ లైబ్రరీ కూడా ఇలాగే ఏది లేదో పేరు పెట్టి చెబుతుంది. ఎక్సెప్ట్‌తో పట్టుకునేది మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ (లైబ్రరీ దొరకలేదనే ఎర్రర్) ఒక్కదాన్నే. ఊరికే ఎక్సెప్ట్ అని రాస్తే, లైబ్రరీ ఉండి పాడైపోయినా ‘లేదు’ అనే చెబుతారు, అవతలివాళ్లు మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటూ కూర్చుంటారు. ప్రోగ్రాంకు ఏమేం కావాలో రాసే పైప్రాజెక్ట్ ఫైల్లో, ఆప్షనల్ డిపెండెన్సీల (కావాలంటేనే వేసుకునే లైబ్రరీల) కింద ‘ఎక్సెల్’ అని ఒక పేరు పెట్టి ఓపెన్‌పైఎక్సెల్‌ను చేర్చండి.

ఏ వెర్షన్‌తో పరీక్షించారో కూడా అక్కడే రాయండి. ఎక్సెల్ ఫైళ్లు చదివే ఇంకో లైబ్రరీ ఎక్స్ఎల్ఆర్‌డీ, 2020 డిసెంబరులో 2.0 వెర్షన్‌తో ఎక్స్ఎల్ఎస్ఎక్స్ (కొత్త రకం ఎక్సెల్) ఫైళ్లను చదవడం మానేసింది. దానితో ఆ ఫైళ్లు చదువుతూ, పేరు ఒక్కటే రాసి వెర్షన్ రాయనివాళ్ల ప్రోగ్రాములు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

మీ లాప్‌టాప్‌లో ఓపెన్‌పైఎక్సెల్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఈ తప్పు మీకు కనబడదు. కొత్త వెన్వ్ (లైబ్రరీలు విడిగా ఉండే ఖాళీ పైథాన్) ఒకటి చేసి, అందులో అది వెయ్యకుండా ఎక్సెల్ ఫైలు ఇచ్చి చూడండి. అన్నట్టు, ఫోన్లు చేస్తున్నవాళ్లను ఫైలు సీఎస్‌వీగా సేవ్ చేసుకోమనండి. ఇవాళ్టికి వాళ్ల జాబితా వచ్చేస్తుంది.