ప్రింటర్ సంగతి తర్వాత, ముందు జెల్ నేర్చుకోనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ బీటెక్ మూడో ఏడాది చదువుతోంది. తిండిని, విటమిన్ గమ్మీలను త్రీడీ ప్రింటర్‌తో తయారు చేస్తారట, దానికి వాడే జెల్ ఇంకుల మీదే పైచదువు చదువుతానంటోంది. బయట దేశంలో ఎంఎస్ అంటే పొలం తాకట్టు పెట్టాలి. మా బావమరిది కొడుకు అమీర్‌పేటలో కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాడు, దీన్నీ అటే పంపిద్దామంటే ఇంట్లో గొడవ. అసలు ఇది ఉద్యోగమిచ్చే చదువేనా? ఇక్కడ ఎంటెక్ మంచిదా, బయట ఎంఎస్ మంచిదా? - ఒక తండ్రి, తెనాలి దగ్గర

జవాబు: నమస్కారమండీ. ఏటా ఇదే ఉత్తరం నాకు కోర్సు పేరు మారి వస్తుంది. ఒకప్పుడు బయోటెక్నాలజీ, ఆ తర్వాత నానో టెక్నాలజీ, ఇప్పుడు ఫుడ్ ప్రింటింగ్. మీరడిగింది ఎంటెక్కా ఎంఎస్సా అని. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం వేరే, పొలం పోయి, పిల్ల చేతిలో ఎవరికీ అర్థం కాని పట్టా ఒకటి మిగులుతుందేమో అని. ముందు దానికే చెబుతాను: ఫుడ్ టెక్నాలజీలో చేతిపని బాగా వచ్చిన పిల్లలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండటం నేను చాలా తక్కువగా చూశాను. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లంత ఉండదు, అది నిజం, దాచను. కానీ పని ఉంటుంది.

ఇక ఆ ఇంక్ ఏమిటో మీ ఇంట్లో వస్తువుతోనే చెబుతాను. జంతికల గొట్టం తెలుసు కదా. పిండి పలచనైతే వత్తగానే నూనెలో పరుచుకుపోతుంది, గట్టిదైతే చెయ్యి నొప్పెడుతుంది, జంతిక మధ్యలో తెగిపోతుంది. ఫుడ్ ప్రింటర్ కూడా ఎక్కువగా ఆ గొట్టమే, మోటారు, కంప్యూటర్ తగిలించారు. ఇంక్ వత్తినప్పుడు జారాలి, బయటికి రాగానే నిలబడాలి, పైన మరో పది వరసలు పడినా కుంగకూడదు. ఈ మూడూ ఒకే పదార్థంలో కుదర్చడమే మీ అమ్మాయి చదవాలనుకుంటున్న విద్య. వినడానికి చిన్నది. చెయ్యబోతే ఏళ్లు పడుతుంది.

ఒకసారి ఒక కాలేజీ ల్యాబ్‌లో ఎంటెక్ అమ్మాయి నాకిది చేసి చూపించింది. నాజిల్ కొన సన్నం, క్యారెట్ గుజ్జులో గమ్, అంటే చిక్కదనమిచ్చే జిగురు పొడి, కలిపిన ఇంక్, నక్షత్రం ఆకారం. ఐదారు వరసల దాకా ముచ్చటగా వచ్చింది, ఎనిమిదో వరసకి కింద భాగం పొట్టలా ఉబ్బింది. పక్కన ముందురోజు ప్రింట్ చేసిన ముక్క ఉంది, దాని చుట్టూ పళ్లెంలో నీళ్లు. కోసిన గడ్డపెరుగు పక్కన తేట ఊరినట్టు. ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో అది నలభై మూడో ప్రయత్నం. గమ్ ఎంత, ఏ వేడిలో కలిపింది, ఎంతసేపు నానింది, అన్నీ రాసుకుంది. నాకు ఆ ప్రింటర్ కంటే ఆ నోట్‌బుక్ విలువైనదిగా కనిపించింది.

ఇక్కడ నా అనుమానాలు కూడా దాచుకోకుండా చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మాయికి ఎవరూ చెప్పి ఉండరు. 2013లో నాసా పిజ్జా ప్రింట్ చేసే యంత్రం కోసం ఒక అమెరికా కంపెనీకి లక్షా పాతికవేల డాలర్లిచ్చిందని పేపర్లన్నీ రాశాయి. ప్రతి వంటింట్లో ప్రింటర్ వస్తుందన్నారు. ఇన్నేళ్లయింది, మన ఇళ్లలో ఇంకా జంతికల గొట్టమే ఉంది. కారణం తెలివి లేక కాదు, వేగం లేక. ఒక ముక్క ప్రింట్ కావడానికి నిమిషాలు పడుతుంది, అచ్చుల్లో పోసే గమ్మీ యంత్రం ఆలోగా వేల ముక్కలు పోసేస్తుంది. అందరికీ ఒకే గమ్మీ చాలనుకుంటే ప్రింటర్ అక్కర్లేదు. మనిషి మనిషికీ వేరే మోతాదు కావాలన్నప్పుడే దానికి అర్థం. ఇంగ్లండ్‌లో నరిష్డ్ అనే కంపెనీ అదే చేస్తోంది, కొనేవాళ్లు ఎంచుకున్న ఏడు పోషకాలను ఏడు వరసలుగా ఒకే గమ్మీలో ప్రింట్ చేసి పంపుతుంది. మంచి ఆలోచనే. అయితే అలాంటి కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటి కోసమని ఎకరం తాకట్టు పెట్టడానికి నేను ఒప్పుకోను. 'ఫుడ్ ప్రింటింగ్ స్పెషలిస్ట్' అని పేరు పెట్టి లక్షలు తీసుకునే పొట్టి సర్టిఫికెట్ కోర్సులకైతే అసలు డబ్బు కట్టొద్దు. ఒక అబ్బాయి అలాంటిది చేసి నా దగ్గరికొచ్చాడు, ప్రింటర్ బటన్లు అన్నీ తెలుసు, పెక్టిన్, అంటే పళ్ల నుంచి తీసే, జామ్‌ని నిలబెట్టే పదార్థం, ఎందుకు గడ్డకడుతుందో తెలియదు.

అందుకే నేను చెప్పేది, ప్రింటర్ వస్తుంది పోతుంది, జెల్ తెలిసినవాళ్లకి మాత్రం ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ఒక్క విషయం దగ్గరగా చూడండి. ఆల్జినేట్ అని సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం ఉంది, క్యాల్షియం తగలగానే బూందీలా గడ్డకడుతుంది. బాగుంది. ఇప్పుడు అదే ఇంకులో ఎముకల కోసమని నీళ్లలో కరిగే రకం క్యాల్షియం సప్లిమెంట్ కలపమన్నారనుకోండి, సిరంజిలోనే గట్టిపడి నాజిల్ మూసుకుపోతుంది. ఐరన్ కలిపితే రంగు, రుచి రెండూ చెడతాయి. విటమిన్ సి వేడికి, గాలికి తరిగిపోతుంది, కానీ లేబుల్ మీద రాసినంత మోతాదు గడువు చివరి రోజుదాకా ఉండాలి, అలాగని ఇష్టమొచ్చినంత ఎక్కువ వెయ్యడానికీ లేదు, హెల్త్ సప్లిమెంట్లకి మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016 నాటి నిబంధనలు, వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ చెప్పిన రోజువారీ మోతాదులతో హద్దు గీశాయి. జెలటిన్ వాడితే జంతువుల నుంచి వచ్చేది కాబట్టి పచ్చచుక్క పోతుంది, పైగా 35 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది, మే నెలలో విజయవాడ లారీలో ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. పెక్టిన్ వేడిని తట్టుకుంటుంది, కానీ పులుపు, చక్కెర సరిగ్గా పడాలి. ఇవన్నీ తూకం వెయ్యగల మనిషి గమ్మీ కంపెనీకి కావాలి, క్యాప్సూల్ కంపెనీకి కావాలి, జామ్ కంపెనీకీ కావాలి. ప్రింటర్ ఉన్నా లేకపోయినా.

(గ్వార్ గమ్ అని ఈ రంగంలో తెగ వాడతారు, అది మన గోరుచిక్కుడు గింజల పొడే. మీ అమ్మాయి చెప్పి ఉండకపోతే అడగండి, ఆమెకి సంతోషమేస్తుంది.)

నాకు నిజంగా ఆశ ఉన్న చోటు ఇంకొకటి ఉంది, ఆస్పత్రి. పక్షవాతం వచ్చినవాళ్లకి, బాగా పెద్దవాళ్లకి మింగడం కష్టమవుతుంది, తిండి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. వాళ్లకి అన్నీ మెత్తగా రుబ్బి ముద్దలా పెడతారు, రంగూ రూపూ ఉండదు, చూస్తేనే తినబుద్ధి కాదు. సింగపూర్‌లో రెండు యూనివర్సిటీలు, ఒక ఆస్పత్రి కలిసి 2021లో తాజా బఠాణీ, క్యారెట్, బాక్‌చాయ్ ఆకుకూరలతో ఇంకులు చేశాయి. బఠాణీలో పిండి ఉంది కాబట్టి గమ్ అక్కర్లేకపోయింది, క్యారెట్‌కి ఒక గమ్ సరిపోయింది, నీరెక్కువున్న ఆకుకూరకి రెండు కావలసి వచ్చాయి. మా మేనత్త ఆఖరి ఏడాది ఆ రుబ్బిన ముద్ద చూసి మొహం తిప్పుకునేది. ఈ పని మీద నాకు మమకారం అందుకే, మీ అమ్మాయి ఇటు వస్తానంటే వద్దని నా నోరు రాదు.

ఇప్పుడు మీ మీద కొంచెం కోపం. మీరు బావమరిది కొడుకు ఎక్కడ కోర్సు చేశాడో, ఎందులో స్థిరపడ్డాడో రాశారు, మీ అమ్మాయి మార్కులు గానీ, ఏ సబ్జెక్టు బాగా వస్తుందో గానీ, ప్రాజెక్టు ఏమిటో గానీ ఒక్క ముక్క రాయలేదు. మూడేళ్లు హాస్టల్లో ఉండి చదివిన చదువు పక్కనపెట్టి అమీర్‌పేటకి పొమ్మంటే గొడవ కాక ఏమవుతుంది? చుట్టాలు ఏమంటారో అన్న భయం మీది, దాన్ని ఆమె భవిష్యత్తు గురించిన భయంగా చెప్పకండి. మీరు మంచి తండ్రే, కాకపోతే ఉత్తరం కూడా రాయరు. అందుకే ఇంత చనువుగా అంటున్నాను.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా. మైసూరు సీఎఫ్‌టీఆర్ఐ, తంజావూరు నిఫ్టెమ్, రెండూ కేంద్ర ప్రభుత్వ ఆహార సంస్థలు, మంచి చోట్లు, తంజావూరులో ఫుడ్ ప్రింటింగ్ మీదే కొన్నేళ్లుగా పరిశోధన జరుగుతోంది, కోడిగుడ్డు సొనతో బియ్యప్పిండి కలిపి ప్రింట్ చేసిన పని కూడా అక్కడిదే. పరీక్షల వివరాలు మీ అమ్మాయికి నాకంటే బాగా తెలుసు. బయటికైతే ఏడాది కోర్సులు నాకు నచ్చవు, ల్యాబ్‌లో చెయ్యి కుదురుకునేలోపే అయిపోతాయి. నెదర్లాండ్స్‌లో వాగెనింగెన్ లాంటి చోట రెండేళ్లు, అందులో థీసిస్, ఇంటర్న్‌షిప్ రెండూ ఉంటాయి. ఖర్చూ ఆ మేరకే. నా మాట అడిగితే ముందు ఇక్కడ ఎంటెక్, లేదా ఒకటి రెండేళ్లు ఏదైనా గమ్మీ, సప్లిమెంట్ కంపెనీలో ఫార్ములేషన్ పని (ఏది ఎంత కలపాలో కుదిర్చే పని), ఆ తర్వాత స్కాలర్‌షిప్ దొరికితే బయటికి. అప్పటికీ అదే ఇష్టం నిలిచి ఉంటే పొలం గురించి మాట్లాడుకోవచ్చు, బహుశా అవసరమే పడదు.

ఈ సెలవుల్లో ఆమెని ఇంట్లోనే ఒక పని చెయ్యమనండి. కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాస్, కార్న్‌ఫ్లోర్, ఒక సూది లేని సిరంజి. రాగిజావ గట్టిగా కాచి, నాలుగు రకాల పాళ్లలో కలిపి, ఏది నిలబడిందో, మర్నాటికి ఏది నీళ్లు వదిలిందో రాయమనండి. మీరు పక్కన కూర్చుని చూడండి. పది రోజులు విసుగు లేకుండా చేస్తే ఆ నోట్‌బుక్ పేజీలు ఫోన్‌లో ఫొటో తీసి నాకు పంపండి, ఈసారి ఆమెనే రాయమనండి, జవాబు ఆమెకే రాస్తాను.