జపాన్ వేసవిలో కుటుంబాలు ఎలా సేదతీరుతాయి?

జూలై, ఆగస్టుల్లో టోక్యోలో చాలా రోజులు ఎండ 35 డిగ్రీలు దాటుతుంది. దానికి తోడు విపరీతమైన ఉక్కపోత. అందుకే ఫ్రిజ్‌లో ముగిచా అనే బార్లీ టీ జగ్గు ఖాళీ కానివ్వరు. వేయించిన బార్లీ గింజల పొట్లాన్ని చన్నీళ్లలో వేసి గంటో రెండు గంటలో ఉంచితే చాలు, కమ్మని పానీయం సిద్ధం. కెఫీన్ ఉండదు కాబట్టి చిన్నపిల్లలూ తాగుతారు.

మధ్యాహ్నం పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేరు కదా! సోమెన్ అనే సన్నని గోధుమ సేమ్యాను ఒకటి రెండు నిమిషాలు ఉడికించి, జిగురు పోయేలా చల్లటి నీళ్లలో చేత్తో రుద్ది కడిగి, ఐసుముక్కలతో వడ్డిస్తారు. సోయాసాస్ కలిపిన చల్లటి చారులో ముంచుకుని తినడమే. ఆ ఎండకు ఇంతకన్నా తగిన భోజనం లేదని నా అభిప్రాయం.

రాత్రి పిల్లలతో సెంకో హనాబి అనే సన్నని కాగితపు కాకరపువ్వొత్తులు వెలిగిస్తారు. ఎవరి నిప్పుబొట్టు ఆఖరున రాలితే వారిదే గెలుపు.