దిగులు పాట అనుకుంటే గంతులేస్తోందేమిటి?

ప్రశ్న: ఇటలీ స్వరకర్త వివాల్డీ ‘ఆటమ్’ ఫోన్‌లో విన్నాను. శరత్కాలం కదా, ఏదో దిగులుగా ఉంటుందనుకున్నా. మొదలే హుషారు! మధ్యలో వయొలిన్ వాయించడం మానేసినట్టు ఉంది. రికార్డింగే తేడానా? కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్న మా అమ్మాయి దీన్ని వాయించగలదా?
– ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: రికార్డింగ్ శుభ్రంగానే ఉందమ్మా. దిగులు వివాల్డీయే పెట్టలేదు. 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన నాలుగు ఋతువుల కన్చెర్టోల్లో, అంటే ఒక సోలో వయొలిన్ వాద్యబృందంతో కలిసి వాయించే రచనల్లో, ఇది మూడోది. ఒక్కోదానికీ పద్నాలుగు పాదాల పద్యం ఉంది. ఎక్కడ ఏం జరుగుతోందో వాయించేవాళ్లకు తెలిసేలా ఆ పాదాలను స్వరాల మధ్యే అచ్చు వేశారు. ఈ పద్యంలో ఆకు రాలిన ఊసే లేదు. పంట ఇంటికొచ్చింది, పల్లెజనం ఆడి పాడి, ద్రాక్షసారా పట్టించి పడిపోయారు, తెల్లారి వేటకు పోయారు. మన ఊళ్లలో సంక్రాంతి సందడి అనుకుని వినండి.

మొదటి భాగంలో సోలో వయొలిన్ తూలుతుంది, జారుతుంది, మళ్లీ నిలదొక్కుకుంటుంది. చివర్లో ఉన్నట్టుండి వేగం పడిపోతుంది. తాగినవాడు కునుకు తీశాడన్నమాట. మా పిల్లలు ఆ చోట నవ్వాపుకోలేరు.

మీకు తేడా అనిపించింది రెండో భాగం. అందరూ నిద్రలో ఉన్నారు. వయొలిన్‌ల బ్రిడ్జికి (తీగలను మోసే చెక్కకు) మోత తగ్గించే మ్యూట్ తగిలించి పొడుగు స్వరాలు లాగుతుంటారు, సోలోకు విడిగా పాటంటూ లేదు. కింద హార్ప్సికార్డ్ (పియానోలా మెట్లుండి, తీగలు మీటే వాద్యం) ఒక్కటే స్వరాలను విడదీసి మీటుతూ పోతుంది. బీచ్ రోడ్డులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇది వినపడదు, రాత్రి ఇంట్లో వినండి. చాలామంది దాటేస్తారు గానీ నాకు మొత్తంలో ఇదే ఇష్టం.

మూడోది వేట. రెండు తీగల మీద ఒకేసారి కమాను వేసి కొమ్ముబూరల మోత తెప్పిస్తారు. తుపాకులు, కుక్కలు, పరుగెత్తే జంతువు, అన్నీ ఉన్నాయి. చివరికి అది చస్తుంది, పాపం.

ఇక అమ్మాయి సంగతి. ఇది ఎఫ్ మేజర్. అంటే నాలుగు శ్రుతిలో శంకరాభరణం మెట్లు, అవి ఆమెకు కొత్తేం కాదు. చిక్కంతా తీగలతోనే. మనవి స-ప-స-ప, పాశ్చాత్యులవి జి-డి-ఎ-ఇ స్వరాలు, కాబట్టి వేళ్ల లెక్క మారిపోతుంది. గమకానికి అలవాటైన వేలు ఇక్కడ కదలకుండా నిలబడాలి. ఉన్న వయొలిన్‌కే పూటకో శ్రుతి మార్చకండి, తీగలు తెగుతాయి. మన సముద్రపు చెమ్మకు బిరడాలు అసలే మొండికేస్తాయి. వీలైతే రెండోది, పాతదైనా సరే, కొనండి. పాశ్చాత్యం వింటే చెయ్యి చెడుతుందని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. విశాఖలో పెరిగిన వయొలిన్ విద్వాంసులు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు కూడా ఆ సంగీతాన్ని శ్రద్ధగా విన్నవారే.

వేట జోలికి ఇప్పుడే వద్దు. రెండో భాగంలో ‘మొదటి వయొలిన్’ వరస, అంటే బృందంలో మొదటి వయొలిన్ జట్టు వాయించేది, పట్టించండి. నెమ్మదిగా ఉంది కదా, తేలికేననుకునేరు. కమాను వణక్కుండా అంతసేపు లాగడానికే నెలలు పడుతుంది.