గోడ మీది పాచిలో స్ప్రింగు కాళ్ల పురుగు

"టౌన్ పార్కుల్లో గోడల మీద పట్టే నాచులో ఎగరలేని పెంకు పురుగులు ఉంటాయట, మన వైపు ఎవరైనా చూశారా?" అని ఈమధ్య ఒకరు అడిగారు. నేను చూశాను. విజయనగరంలో, మా ఇంటి దగ్గరి పార్కులో, నీళ్ల ట్యాంకు వెనక గోడ మీద.

గంటస్తంభం దగ్గర ముప్పై ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్నాను. జేబులో ఐగ్లాస్, అంటే కంటికి పెట్టుకునే భూతద్దం, ఎప్పుడూ ఉంటుంది. మూడేళ్ల కిందట ఆగస్టులో, రాత్రంతా వాన పడి వెలిసిన పొద్దున, వాకింగ్ ఆపి ఆ గోడకి కన్ను ఆనించాను. దూరం నుంచి పచ్చటి మఖమల్ గుడ్డలా ఉండేది దగ్గర్లో అడవిలా ఉంది. ఒక్కో ఆకు కొసన నీటి బొట్టు. ఆ ఆకుల మధ్య నల్లగా, గుండ్రంగా, ఆవగింజంత పురుగు, నూనె రాసినట్టు మెరుస్తోంది. ట్వీజర్ దగ్గరికి తెచ్చానో లేదో, టప్పుమని మాయం! జానెడు దూరంలో మళ్లీ నాచులోనే పడింది. ఎగరలేదు, గెంతింది.

మర్నాడు అదే చోట చచ్చినది ఒకటి దొరికింది. షాపులో తెల్లకాగితం మీద పెట్టి పై పెంకులు విడదీశాను. మామూలు పెంకు పురుగుకి వాటి కింద మడతపెట్టిన పల్చటి రెక్కలుంటాయి. దీనికి లేవు. వెనక తొడలు మాత్రం ఒంటికి మించిన లావు.

ఫ్లీ బీటిల్ అనే జాతి పురుగుల తొడలో నిజంగానే స్ప్రింగు ఉంటుంది. మెలితిరిగిన గట్టి ముక్క, మన వాచీ మెయిన్ స్ప్రింగుకి చిన్న తమ్ముడు. 1929లో దాన్ని వివరించినది సమరేంద్ర మౌలిక్ అనే భారతీయుడు, అందుకే దాన్ని మౌలిక్ అవయవం అంటారు. మన బడి పుస్తకాల్లో ఆయన పేరు ఎందుకుండదో నాకు అర్థం కాదు. ఈ జాతిలో నాచులోనే బతికేవి కూడా ఉన్నాయి. చైనాలోని యునాన్‌లో కంగ్షాన్ కొండల మీద దొరికినదానికి 2013లో కంగ్షానాల్టికా అని పేరు పెట్టారు. మా గోడ మీదిది ఆ బాపతే అని నా గట్టి నమ్మకం.

రెక్కలు ఎందుకు పోతాయంటే, తిండీ తడీ ఇల్లూ అన్నీ ఒకే చోట ఉన్నప్పుడు ఎగరాల్సిన పని లేదు. రెక్కలకి పెట్టే బలం గుడ్లకి మిగులుతుంది. అట్లాంటిక్ సముద్రంలోని మదీరా దీవిలో 550 రకాల పెంకు పురుగుల్లో 200 ఎగరలేవని డార్విన్ రాశాడు. అక్కడ గాలికి సముద్రంలోకి కొట్టుకుపోతాయని ఆయన అన్నాడు. మా గోడ కూడా ఒక దీవే. చుట్టూ సముద్రానికి బదులు తారు రోడ్డు, అంతే తేడా.

ఇక నా బాధ. ఆ ఏడాది సిరిమాను పండక్కి ముందు పార్కు గోడలన్నీ బ్లీచింగ్ చల్లి, ఇనప బ్రష్షుతో తోమి, సున్నం కొట్టించారు. తోముతున్న ఆవిడతో "అప్పా, ఆ ట్యాంకు వెనక మూల ఒదిలేయవా?" అన్నాను. "నాను ఏటి సేస్తాను బావూ, పాచి కనపడితే మమ్మల్ని తిడతారు" అంది. అయినా ట్యాంకు వెనక మూరెడు గోడ ఒదిలేసింది. ఆవిడకి నేను రుణపడి ఉన్నాను.

చెరువులో తేలేదీ పాచే, మెట్ల మీద జారేదీ పాచే, గోడ మీది ఈ బుల్లి మొక్కా పాచే. మనకి అన్నిటికీ ఒకటే మాట. అందుకే దాన్ని మురికి అనుకుంటాం. మెట్లు తోమండి, పెద్దవాళ్లు జారిపడతారు. గోడ మీదెవరూ నడవరు కదా! గోడ మీది నాచుకి వేళ్లుండవు, గోడని తవ్వదు. ఎండకి అట్టలా ఎండినా వాన పడితే పచ్చబడుతుంది.

సున్నం కొట్టిన గోడల మీద రెండో వానాకాలానికి నాచు తిరిగొచ్చింది. పురుగు రాలేదు. ప్రతి ఆదివారం వెతికాను. ఆ మూరెడు జాగాలోనే ఉంది. రెక్కల్లేనిది పక్క పార్కు నుంచి ఎలా వస్తుంది?

మీరు చూడాలంటే వాన వెలిసిన పొద్దున వెళ్లండి. రూపాయి బిళ్లంత నాచు తీసి తెల్లకాగితం మీద మెల్లగా దులపండి, ఓ నిమిషం కదలకుండా చూడండి. అయ్యాక పురుగులతో సహా తీసిన చోటే అద్ది, సీసాలో నీళ్లు కాసిని చల్లండి.