మేనల్లుడికి, ఆకు పొడుల సంగతి

ఒరేయ్ చిన్నోడా,

విశాఖలో ఉద్యోగం మానేసి ఊళ్ళో ఆకు పొడుల యూనిట్ పెడతావట, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. తిట్టాలనిపించింది. సాయంత్రానికి అరుగు మీద ముగ్గురితో మా మేనల్లుడేనని నేనే చెప్పుకున్నాను.

ఆకు కడిగి నీడలో ఆరెయ్యి, మండుటెండలో రంగూ వాసనా పోతాయి. రోడ్డు మీద ఆరెయ్యకు. మందని లేబుల్ వేస్తే లైసెన్సు ఉండాలి. నల్లజీడి జోలికి పోకు, శుద్ధి చెయ్యని గింజ రసం తగిలితే చాలు, ఒళ్ళు బొబ్బలెక్కుతుంది.

ఇంకొకటుంది, మీ నాన్నకి కూడా చెప్పలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వస్తోందన్నప్పుడు వీధి గదిలో పరిచిన నేల ఉసిరి ఇంకా ఆరలేదు. విరిస్తే పుటుక్కుమనాల్సిన కాడ వంగుతోంది. తెలిసీ, తడుస్తుందన్న టెన్షన్‌లో, రెండు యూరియా సంచుల్లో కుక్కి మూతులు కట్టేశాను. 11న పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి తోటలు పడిపోయాయి, కరెంటు లేదు, ఇంక సంచులు ఎవరికి గుర్తు? పది రోజులకి చెయ్యి పెడితే లోపల వేడి, తెల్లగా పచ్చగా బూజు. డబ్బు పోతుందని దులిపి, రెండెండలు కాయించి, ఒక సంచి అమ్మేశాను. రెండోది తీసుకెళ్తే కొనే ఆయన గుప్పెడు వాసన చూసి, "అమ్మా, మొదటిదీ ఇలాంటిదేనా?" అన్నాడు. కాదన్నాను.

ఎండకి బూజు చచ్చినా కొన్ని బూజులు వదిలే విషం చావదురా. అఫ్లాటాక్సిన్ అంటారు, కషాయం మరిగించినా పోదు, దెబ్బ తీసేది కాలేయాన్ని. నేల ఉసిరి తాగేదెవరు, కామెర్లొచ్చినవాళ్ళు కాదూ! ఆ సంచి ఎవరింటికెళ్ళిందో ఇప్పటికీ తెలీదు. ఎవరికైనా పచ్చకామెర్లంటే ఎప్పట్నుంచి అని అడిగేది అందుకే, నువ్వేమో అత్తకి చాదస్తమని నవ్వుతావు.

అందుకని, వాన వస్తోందంటే పచ్చి ఆకు పోనీ, పెంటకుప్పలో పారెయ్యి. ఆ డబ్బు నేనిస్తాను, నిజంగా. గాజుల డబ్బు ఉంది నా దగ్గర.

వేళకి తింటున్నావా? దసరాకి వచ్చినప్పుడు ఆటో మాట్లాడుకో. మేడ మీద నాలుగు నులక మంచాలున్నాయి, కింద నుంచి కూడా గాలి తగుల్తుంది, ఆకు ఆరెయ్యడానికి పట్టుకెళ్దువు గాని. ఒకదానికి నులక తెగింది, నేను కట్టించి ఉంచుతాను.

మీ అత్త